ముందు బడి

దారి పక్కన బోర్డులు పాతడం నా పని. ఎక్కడైనా బోర్డు ఉండకూడని చోట కనిపిస్తే నాకు అన్నం సహించదు. అది ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తేలాల్సిందే. మా ఆవిడ దీన్ని జబ్బంటుంది.

ఆ రోజు నన్ను పట్టుకున్న బోర్డు 'ముందు బడి, నెమ్మదిగా వెళ్లండి'. వ్యాను ఆపి చూశాను. అటూ ఇటూ చేలు, చూపు ఆనినంత మేర తిన్నని రోడ్డు. బడి కాదు కదా, సంచీ తగిలించుకున్న పిల్లవాడు కూడా లేడు. రోడ్డు వారన ఒక పెంకుటిల్లు, అందులో కుట్టుమిషను చప్పుడు. అవతలి పక్కన ఒక సెలూను. అంతే.

బడి ఉన్నది ఇంకా చాలా దూరాన. అక్కడ పిల్లలు లారీల మధ్య నుంచి పరుగులు తీస్తున్నారని ఫిర్యాదు వచ్చింది. ఈ బోర్డు పీకి అక్కడ పాతమని ఇంజనీరుగారు నన్ను పంపాడు. మరి ఇది ఇక్కడికెలా వచ్చినట్టు?

"ఏమ్మా, ఇక్కడ బడేది?" అని మిషను తొక్కుతున్నావిడను అడిగాను.

"ఇదేనన్నా," అంది సూది మీంచి కళ్లెత్తకుండా. "ముందు బడి. ఇప్పుడు మా కుట్టుకొట్టు. బోర్డు పాతినవాళ్లూ ఇలాగే అడిగారు, ముందు బడి ఉన్నచోటెక్కడ అని. చూపించాను."

నాకు నవ్వాగలేదు. ఇంజనీరుగారు ఫోన్లో "ముందు బడి ఉన్నచోట పెట్టండి" అని ఉంటాడు. ఆయన అన్నది దారిలో ముందు. వాళ్లు విన్నది ఒకప్పటి ముందు. పాపం, తు.చ. తప్పకుండా చెప్పినట్టే చేశారు.

నేను గునపం దించేసరికి ఆవిడ మిషను ఆపి బయటికొచ్చింది.

"పీకేస్తారా? వద్దన్నా. మా మామయ్యకు చెవులు బొత్తిగా వినపడవు. రోజూ అవతలి సెలూన్లో పేపరు చదవందే ఆయనకు పొద్దుపోదు. ఈ బోర్డు చూసే లారీలు నెమ్మదిస్తున్నాయి."

"చూసుకుని దాటమని చెప్పలేకపోయావా?"

"చెబితే వినపడాలిగా!"

అంతలో ఆ మామయ్యే సెలూన్లోంచి దిగి, తల అటూ ఇటూ తిప్పకుండా రోడ్డెక్కాడు. ఒక లారీ వస్తోంది. డ్రైవరు బోర్డు చూసి వేగం తగ్గించాడు. పెద్దాయన తాపీగా ఇవతలికొచ్చి, నన్ను చూసి బోసినవ్వు నవ్వి లోపలికి పోయాడు.

అక్కడేమో పిల్లలు, ఇక్కడ ఈయన. ఉన్నది ఒక్క బోర్డు. నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియదు. పీకక తప్పలేదు. ఆవిడ మొహం చూడలేక బోర్డు మోసుకుని వ్యాను దగ్గరికి వెళ్లాను. లోపల, పొద్దున ఇంకోచోట కొత్తది పెట్టి తీసేసిన పాత బోర్డు పడి ఉంది. తెచ్చి అదే గుంతలో పాతేశాను. 'ముందు మలుపు'.

"ఇక్కడ మలుపేదన్నా?" అంది ఆవిడ.

"లేదమ్మా. అదెక్కడుందా అని వెతుక్కుంటూ నెమ్మదిగా పోతారు."

బడి బోర్డు ఆ సాయంత్రానికే బడి దగ్గరికి చేరింది. కొన్నాళ్లకు ఇంజనీరుగారి దగ్గర్నుంచి ఫోను.

"ఏమయ్యా, గీత గీసినట్టున్న రోడ్డు మీద మలుపు బోర్డేంటి? మలుపెక్కడుంది?"

"ముందు ఉండేది సార్," అన్నాను.