ఎలుకలు రాకూడని బీరువా

నేను ఒక జాలీ బీరువాను. ఫ్రిజ్జులు రాకముందు మాలాంటివాళ్లం ప్రతి వంటింట్లోనూ ఉండేవాళ్లం. వేపచెక్క చట్రం, మూడు అరలు, అడుగున ఒక సొరుగు, ముందూ పక్కలా ఇనుప జాలీ. లోపల గాలి ఆడాలి, ఎలుక దూరకూడదు. అంతకుమించి నన్నెవరూ ఏమీ అడగలేదు. కాకినాడ జగన్నాథపురంలో వీరభద్రాచారి అనే వడ్రంగి నన్ను చేసి, జాలీ మీద అరచేత్తో ఒక్కటి చరిచి, "చీమ దూరితే దూరొచ్చు గాని చుంచు దూరదండి. నాదీ పూచీ" అన్నాడు. చీమల సంగతి చూసుకోవడానికి నా నాలుగు కాళ్ల కిందా నీళ్ల గిన్నెలు పెట్టారు. ఏళ్ల తరబడి అలా నీళ్లలో కాళ్లు పెట్టుకుని నిలబడ్డాను. వాటికి స్పర్శ ఎప్పుడు పోయిందో నాకే తెలీదు.

నన్ను కొన్నది గంగరాజుగారు, కాపురం పెట్టిన కొత్తలో, భార్య మంగతాయారు కోసం. ఎలుకల్ని ఆపాను, పిల్లిని ఆపాను. గంగరాజుగారిని మాత్రం ఆపలేకపోయాను. మధ్యాహ్నం భార్య కునుకు తీసే వేళ చూసి, కిర్రుమనకుండా నా తలుపు కాస్త పైకెత్తి తీసి, పాల మీద మీగడ వేలితో తీసుకుని తినేసేవారు. ఆవిడ లేచి గిన్నె చూసి "పిల్లి మూతెట్టిందండీ పాలల్లో" అనేది. "ఎదవ పిల్లి" అనేవారాయన మీసం తుడుచుకుంటూ. సంగతి ఇద్దరికీ తెలుసు. మనుషులు ఇలాంటి అబద్ధాల మీదే హాయిగా కాపురాలు చేస్తారు.

తర్వాత ఫ్రిజ్జు వచ్చింది. నన్ను వెనక వరండాలోకి నెట్టి చెప్పులూ పాత పేపర్లూ పెట్టారు. పాలు మోసినదాన్ని చెప్పులు మోశాను. బాధేమీ లేదు.

కిందటేడు ఎండాకాలంలో గంగరాజుగారు పోయారు. నాకు ఏడుపు రాలేదు, చెక్కకు రాదు. మంగతాయారుకీ రాలేదు. వచ్చినవాళ్లంతా ఏడ్చి వెళ్లిపోయాక ఆవిడ హాల్లో కుర్చీలో కూర్చుంది. ఎదురుగా టీవీ ఉంది గాని అది ఎవరూ పెట్టలేదు. కోడలు కంచం పెట్టి వెళ్లేది, సాయంత్రానికి దానికి చీమలు పట్టేవి. "నాలుగు మెతుకులు తినండత్తయ్యా" అని కోడలు బతిమాలేది. ఇంట్లో అందరి దిగులూ అదొక్కటే, ఆవిడ లేవాలి, ఆ నాలుగు మెతుకులూ తినాలి.

ఒక రోజు మనవరాలు ధాత్రి బూట్ల డబ్బా ఒకటి పట్టుకుని స్కూలు నుంచి వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్ల. డబ్బాలో రెండు ఆడ ఎలుకలు. ఒకటి తెలుపు, ఒకటి బూడిదరంగు.

"ఎలకలకి బోను పెట్టే ఇంట్లో ఎలకల్ని పెంచుతారంటే, నలుగురూ నవ్విపోతారు!" అంది వాళ్లమ్మ.

"ఇవి వీధి ఎలకలు కాదమ్మా, పెంపుడువి. మా ఫ్రెండ్ వాళ్లింట్లో ఇంకో నాలుగున్నాయి."

తెల్లదానికి గవ్వ అనీ బూడిదదానికి గింజ అనీ పేరు పెట్టి, చోటు కోసం ఇల్లంతా వెతికి, చివరికి నన్ను కనిపెట్టింది. ఎలుకలు రాకుండా చేయించిన నాలోకి ఎలుకల్ని తెచ్చి పెట్టారు. ఏమనను? నన్నెవరడిగారు గనక.

వాళ్ల నాన్న నా అరల్లో చారెడేసి కంతలు కోశాడు, అవి పైకీ కిందకీ తిరగడానికి. ఐస్‌క్రీము పుల్లలతో నిచ్చెన కట్టారు. కొళాయి పని చేయించగా మిగిలిన ప్లాస్టిక్ గొట్టం సొరంగమైంది. దాక్కోడానికి కన్నం పెట్టిన కొబ్బరి చిప్ప. తవ్వుకోడానికి మట్టి పోసిన తొట్టి, అందులో నాలుగు మెంతులు. చెక్క తడవకుండా అరల మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కోసి పరిచారు. దండం పెడుతున్న ఆ పెద్దమనిషి పళ్ల మీద గవ్వ, గింజ పరుగులు తీసేవి. కింద పడుకోవని ధాత్రి పాత తువ్వాలు ఒకటి ఉయ్యాలలా కట్టింది.

మూడో రోజు, గుమ్మంలోంచి నేను కనిపించే ఆ హాలు కుర్చీలోంచి మాట వచ్చింది.

"ఆ తువ్వాలు తీసెయ్యవే. పోగుల్లో గోళ్లు ఇరుక్కుంటాయి వాటికి."

కోడలు వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి చూసింది. మంగతాయారు లేచింది. గదిలోకి వెళ్లి ట్రంకుపెట్టె తెరిచి, ఒళ్లో పట్టనన్ని జాకెట్టు ముక్కలు తెచ్చింది. పేరంటాల్లో తాంబూలంతో పాటు చేతిలో పెట్టినవి. కుట్టించుకోక, ఇంకొకరికి పెడదామని దాచినవి. ఆయన పోయాక ఆవిడను పేరంటానికి పిలిచినవాళ్లు లేరు. తను పెడితే పుచ్చుకుంటారో లేదోనని ఆవిడా ఎవరికీ పెట్టలేదు.

"కత్తిరించేస్తావా నాన్నమ్మా? కొత్తవి కదా."

"నా చేత్తో పెడితే తీసుకునేవాళ్లు ఇవేగా ఇప్పుడు" అంది మంగతాయారు. ఆకుపచ్చ ముక్క రెండు మడతలేసి, నాలుగు మూలలా తాడు కుట్టి, నా పై అరలో కట్టింది. గవ్వ ఎక్కి పడుకుంది. గింజ దాని మీదెక్కి పడుకుంది. పెట్టి పుట్టడమంటే అదే.

అప్పటినుంచి ఆవిడ పొద్దున్న ఆరింటికి లేచి గుప్పెడు మెత్తటి అన్నం తెచ్చేది. వాటికి సాసర్లో పెట్టి, గిన్నెలో మిగిలింది తను తినేది. సాయంత్రం ఐదింటికి హాల్లో ఆట. తలుపు కింద సందుల్లో గోనెపట్టాలు కుక్కి, గంగరాజుగారి క్యారమ్ బోర్డు ఒక పక్క, సూట్‌కేసులు ఒక పక్క అడ్డం పెట్టి, మధ్యలో ఆవిడ కాళ్లు చాపుకుని కూర్చునేది. అవి పైటలో దూరి భుజం మీద తేలేవి. ఆవిడ నవ్వడం వరండాలోకి వినిపించేది. ఒకసారి ధాత్రి ఫోన్లో చూసి చదివింది, "ఎలకని ఒక్కదాన్నే ఉంచకూడదంట. దిగులెట్టుకుని తిండి మానేస్తుందంట."

ఇక అసలు సంగతి. మిగిలిన ముక్కల్ని ఆవిడ నా అడుగు సొరుగులో సర్దింది. బట్టలున్న చోట కలరా ఉండలు వెయ్యడం ఆ చేతికి అలవాటు. నాలుగు వేసింది. ఆ ఘాటు చెక్కలోంచి, కంతల్లోంచి పైదాకా ఎక్కింది. వాసన నాకు తెలుస్తూనే ఉంది. నోరు లేనివాళ్లం, ఏం చేస్తాం?

వారానికి గవ్వ తుమ్మడం మొదలెట్టింది. ముక్కు చుట్టూ ఎర్రగా చెమ్మ. గింజా నలతగా ఉంది. ముసురు రోజులు కదా, జలుబేమోనని మంగతాయారు నా చుట్టూ దుప్పటి కప్పింది. గాలి ఆడడానికి పుట్టినదాన్ని, గాలి ఆడకుండా అయ్యాను. కంచే చేను మెయ్యడం అంటారే, అది నా లోపలే జరిగింది.

నాలుగో రోజు ధాత్రి రెంటినీ, వాటి ఉయ్యాలనీ పశువుల డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లింది. గింజతో తిరిగొచ్చింది. చేతిలో ఉన్న గవ్వ కదలడం లేదు. వచ్చీరాగానే నా సొరుగు లాగి ఉండలన్నీ ఏరి బయట పారేసింది.

"అవెందుకే తీసేస్తున్నావ్?" అంది మంగతాయారు గుమ్మంలోంచి.

ఆ పిల్లకు అబద్ధం చెప్పడం చేతకాలేదు. తాతగారి పోలిక రాలేదు. "గవ్వకి ఆ వాసన పడలేదంట నాన్నమ్మా."

మంగతాయారు సొరుగు మూసేసి లోపలికి వెళ్లింది. ఉతికిన పసుపు ముక్క ఒకటి తీసి, అందులో గవ్వను చుట్టి, కరివేపాకు మొక్క కింద తనే గొయ్యి తీసి పెట్టింది. నాలుగు రోజులకు గింజ తేరుకుంది.

"దీన్ని మీ ఫ్రెండ్ వాళ్లింటికి ఇచ్చెయ్యి" అంది మంగతాయారు. "ఒక్కదాన్నే ఉంచకూడదన్నావుగా."

"మరి నువ్వో?"

"నేనెలకనేంటే" అంది. వెళ్లి కుర్చీలో కూర్చుంది. కంచానికి మళ్లీ చీమలు పట్టాయి.

పది రోజులు గడిచాయి. పదకొండో నాడు పొద్దున్న ఆరింటికి మంగతాయారు గిన్నెతో వరండాలోకి వచ్చింది. కాళ్లే తెచ్చాయనుకుంటాను. నా తలుపు తీసి, సాసర్లో అన్నం పెట్టాక గాని లోపల ఎవరూ లేరని ఆవిడకు గుర్తు రాలేదు. అన్నం తియ్యలేదు, తలుపూ వెయ్యలేదు. మర్నాటికి సాసరు ఖాళీ. మళ్లీ పెట్టింది. ఆ మర్నాడు పెట్టి, చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

కాలవ వైపు నుంచి చుంచు ఒకటి వచ్చింది. వీరభద్రాచారి పూచీ పడింది దాని గురించే. నా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు ఎప్పుడో పోయాయి. అది కాలు పట్టుకుని పైకెక్కింది. పాకిందని కూడా నాకు తెలియలేదు. సాసరు దగ్గర ఆగి ఆవిడ వంక చూసింది.

మంగతాయారు చీపురు కింద పెట్టింది.

"తిను, తిను. ఉండల్లేవులే" అంది.

తర్వాత మెట్టు మీద చతికిలబడి, గిన్నెలో మిగిలిన నాలుగు మెతుకులూ తన నోట్లో వేసుకుంది.