వద్దన్నదానికి స్టార్

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన దేన్నీ నమ్మరు. తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తారు. నాలుగోసారి నన్ను లాగమంటారు. నేను సరిగ్గా లాగానో లేదోనని ఐదోసారి మళ్ళీ ఆయనే లాగుతారు. పద్దెనిమిదేళ్ళుగా మా గొళ్ళెం ఊడిరాలేదంటే అది దాని ఓర్పు.

అలాంటి మనిషికి ఆఫీసులో నూటనలభై కంప్యూటర్లు అప్పజెప్పారు. కంప్యూటర్ ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు మేలుకునేది బయాస్ అట. మిషను ఎప్పుడు లేవాలో, పెన్ డ్రైవ్‌ని రానివ్వాలో వద్దో అక్కడే రాసుంటుందట. ప్రతి బల్ల దగ్గరికీ వెళ్ళి మార్చే పని లేకుండా ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. అది సెట్టింగులన్నీ ఒక మామూలు ఫైల్లో రాసిస్తుంది. అందులో మార్చాల్సినవి మార్చి ఒక్కసారి పంపితే నూటనలభై మిషన్లూ మాట వింటాయి. పంపడానికి కావలసిన పాస్‌వర్డ్ ఇద్దరికే తెలుసు. ఒకరు మా ఆయన, రెండోవాడు అదే ఆఫీసులో పనిచేసే మా అన్నయ్య.

బుధవారం సాయంత్రం ఆయన చెప్పులు కూడా విప్పకుండా సోఫాలో కూర్చున్నారు.

"పొద్దున ఐదింటికి, ఎవరూ లేని హాల్లో, కంప్యూటర్లన్నీ వాటంతటవే వెలుగుతున్నాయట. వాచ్‌మన్ చూసి హడలిపోయాడు."

"మీరు శనివారం పంపిన ఫైల్లో అలా లేవొద్దనే కదా పెట్టారు?"

"అదే కదా. తర్వాత ఎవరో మార్చారు. పాస్‌వర్డ్ తెలిసింది ఇద్దరికి. అందులో ఒకణ్ణి నేను."

"రెండోవాడు మా అన్నయ్య."

"నేనెవరి పేరూ ఎత్తలేదు," అన్నారు, పేరు ఎత్తినంత స్పష్టంగా.

మర్నాడు గేటు రిజిస్టర్ తిరగేసి వచ్చారు. తొమ్మిదింటి ఆఫీసుకి అన్నయ్య వారం రోజులుగా ఆరింటికే వస్తున్నాడట. సోమవారం మేనేజరుకి రిపోర్టు ఇవ్వాలి. అందులో అన్నయ్య పేరు పడితే ఉద్యోగం పోయినట్టే. ఆ తర్వాత నేను ఏ మొహం పెట్టుకుని పుట్టింటి గడప తొక్కాలి?

అన్నయ్యకి ఫోన్ చేశాను.

"ఏరా అన్నయ్యా, అంత పొద్దున్నే ఆఫీసుకెందుకు వెళ్తున్నావు?"

"ఊరికే. చల్లగా ఉంటుందని."

"మీ ఇంట్లో ఏసీ ఉంది కదా?"

"అన్నీ నీకెందుకే," అని పెట్టేశాడు.

చిన్నప్పుడు బెల్లం డబ్బా ఖాళీ చేసి దొరికిపోయినప్పుడూ వీడు సరిగ్గా ఈ గొంతుతోనే "ఊరికే" అన్నాడు. అనుమానం మా ఆయన దగ్గర్నుంచి నాకూ అంటుకుంది.

ఆదివారం మధ్యాహ్నం ఆయన భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకుని రిపోర్టు రాస్తున్నారు. మంచినీళ్ళ గ్లాసు పెట్టే వంకతో తొంగిచూశాను. ఒక మిషన్ నుంచి తీసిన సెట్టింగులవి. చివరి సెట్టింగు దానంతటది ఆన్ అవడం గురించి. దాని కింద రెండే మాటలు, ఒకటి 'వద్దు' అనే అర్థమొచ్చేది, రెండోది 'ప్రతిరోజూ' అనేది. 'ప్రతిరోజూ' ముందు స్టార్ ఉంది.

ఆ స్టార్‌ని నేనెరుగుదును.

ఆ ఫైలు పంపిన శనివారం కళ్ళ డాక్టరు చుక్కల మందు వేయడంతో ఆయనకి స్క్రీన్ మసకమసగ్గా కనిపించింది. పక్కన కూర్చుని చెబుతుంటే ఫైలు నేనే సరిచేశాను. చివరి సెట్టింగు దగ్గర ఆయన, "వద్దన్నదానికి స్టార్ పెట్టు," అన్నారు. పెట్టావా అని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ పెట్టానన్నాను. అబద్ధం కాదు.

"ఏమండీ, ఈ ఫైల్లో స్టార్ ఉంటే ఏమిటి అర్థం?"

"అదే కావాలని."

నేను వెళ్ళి ఫ్రిజ్ మీదున్న సరుకుల చీటీ తెచ్చి ఆయన ముందు పెట్టాను. మా ఇంట్లో చీటీలో స్టార్ ఉన్న సరుకు తేకూడదు. ఆయన వరసగా మూడు వారాలు ఉప్పు పొట్లాలు మోసుకొచ్చాక ఆయనే పెట్టిన పద్ధతి.

"మీరు వద్దన్నదానికి పెట్టమన్నారు. ప్రతిరోజూ లేవడం మనకి వద్దు కదా, దానికి పెట్టాను."

"నేను చెప్పింది 'వద్దు' అని రాసున్నదానికి."

"రెండూ ఒకే మాటండీ."

ఆయన చీటీ వైపు చూశారు, ఉప్పు పక్కనున్న స్టార్ వైపు చూశారు. తర్వాత రిపోర్టు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఫోన్ తీసి స్పీకర్లో పెట్టారు.

"బావా, నువ్వు ఆరింటికే ఆఫీసుకెందుకొస్తున్నావు?"

"నువ్వూ మొదలెట్టావా? ఎవరికీ చెప్పనంటే చెప్తా." అన్నయ్య గొంతు తగ్గించాడు. "మీ చెల్లెమ్మ హార్మోనియం నేర్చుకుంటోంది. ఐదున్నరకే మొదలు. ఇంట్లో ఉంటే బాగుందని చెప్పాలి."

వెనకనుంచి ఏదో నలిగిపోతున్నట్టు స్వరం వినిపించింది. మా వదిన ఆదివారాలు మధ్యాహ్నం కూడా సాధన చేస్తుందన్నమాట.

తప్పు నాదని చెబుదామని నోరు తెరిచాను. ఆయన చెయ్యెత్తి ఆపారు. గొంతు రెండుసార్లు సవరించుకున్నారు.

"బావా, ఐదింటికి కంప్యూటర్లు లేస్తున్నాయి కదా, అది నీ పనే అనుకున్నాను. నేను పంపిన ఫైల్లోనే ఉంది. తప్పు నాదే."