సమ్హాలో పది వాటాలు

ఒమన్ ఎడారి ఊరు బిదియాలో హారిబ్ కన్ను పడిందంటే అందరికీ హడల్. పదిహేనేళ్లప్పుడు పెదనాన్న ఒంటెను చూసి "ఎన్ని పాలిస్తోందో!" అన్నాడు గానీ, దిష్టి తగలకుండా వెంటనే మాషల్లా అనడం మరిచిపోయాడు. వారం తిరక్కుండా ఆ ఒంటె చచ్చింది. నలభై దాటినా ఆ చెడ్డపేరు అతన్ని వదల్లేదు. పెదనాన్న కొడుకు హుమైద్ అయితే, హారిబ్ నీళ్ల ట్యాంకర్ చప్పుడు వినబడితే చాలు, తన పందెపు ఒంటె సమ్హాకి నిలువునా దుప్పటి కప్పేసేవాడు.

నిజం చెప్పాలంటే హుమైద్ భయంలో తప్పేమీ లేదు. హారిబ్ అసూయ అలాంటిలాంటిది కాదు. సమ్హా గెలిచినప్పుడల్లా దాని మెడకు కుంకుమపువ్వు ముద్ద పూస్తారు. ఆ రంగు హుమైద్ అరచేతుల్లో రెండు రోజులుండేది. ఆ రెండు రోజులూ హారిబ్‌కి ముద్ద దిగేది కాదు.

ఈ ఏడు సమ్హా మేపుకీ, శిక్షణకీ ఖర్చు తట్టుకోలేక, హుమైద్ దానిలో సగాన్ని వంద వాటాలు చేసి ఫోను యాప్‌లో అమ్మకానికి పెట్టాడు. మస్కట్ ఆఫీసుల్లో కూర్చునేవాళ్లు సరదాకి కొనుక్కుంటారులే అనుకున్నాడు. హారిబ్ పది కొన్నాడు. ట్యాంకర్‌కి కొత్త ఇంజన్ వేయిద్దామని దాచిన రియాళ్లన్నీ వాటికే పోయాయి.

"పాత ఇంజన్ ఈ ఎండాకాలం దాటదు. ఇక నీళ్లు నెత్తిన మోస్తావా?" అంది భార్య షమ్సా.

"వాడు తన చేత్తో ఆ దుప్పటి తియ్యాలి. నేను కళ్లారా చూడాలి. అంతే," అన్నాడు హారిబ్.

గురువారం సాయంత్రం నేరుగా ఒంటెల దొడ్డికి వెళ్లాడు. హుమైద్ అప్పటికే దుప్పటి కప్పేసి, గేటుకి అడ్డంగా నిలబడ్డాడు.

"అక్కడే ఆగు. ఏం పనిరా ఇక్కడ?"

"నా ఒంటెను చూసుకుందామని."

"నీ ఒంటా? ఎండదెబ్బ గానీ తగిలిందా?"

హారిబ్ ఫోను చూపించాడు. హుమైద్ రెండుసార్లు చదివాడు.

"వాటాదారులు గురువారం వచ్చి చూసుకోవచ్చని నువ్వే రాశావుగా. దుప్పటి తియ్యన్నా." ఆ అన్నా అనడంలో వెటకారం తప్ప మరేమీ లేదు.

"శనివారం పందెం ఉందిరా. నీ గడ్డం పట్టుకుంటాను, ఇవాళ వద్దు."

"తియ్యి."

హుమైద్ దుప్పటి లాగేశాడు. సన్నటి మెడ, పొడుగాటి కాళ్లు, బరువైన రెప్పలు. ఇంత అందం వీడి దొడ్లోనే పుట్టాలా అని హారిబ్ కడుపు భగ్గుమంది. ఎప్పటిలాగే ఆ మంట కళ్లలోకి ఎక్కుతోంది. అప్పుడు గుర్తొచ్చింది, తన ఇంజన్ ఆ కాళ్లలోనే ఉందని. శనివారం ఆ కాలు మడత పడితే?

గబుక్కున తలపాగా కొస లాగి కళ్లు మూసుకున్నాడు. "మాషల్లా, మాషల్లా. కప్పెయ్యన్నా, తొందరగా కప్పెయ్యి."

హుమైద్ ఇసుకలో కూలబడి కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. హారిబ్‌కి మాత్రం నవ్వు రాలేదు.

"మిగతా తొంభై ఎవరు కొన్నారు?" అన్నాడు గుడ్డ వెనకనుంచే.

"ఏమో. యాప్ పేర్లు చూపించదు."

"వాళ్ల కళ్లు ఎలాంటివో కూడా కనుక్కోకుండా అమ్మేశావా?"

హుమైద్ నవ్వు ఆగిపోయింది. లేచి దుప్పటి అందుకున్నాడు. కళ్లు తెరవకుండానే హారిబ్ తడుముకుంటూ వచ్చి రెండో కొస పట్టుకున్నాడు.

"ఆ గురువారం రూలు ఈ పూటే తీసెయ్యన్నా," అన్నాడు. "ఎవడు పడితే వాడొచ్చి చూడ్డానికి ఇదేమన్నా సంతా?"