ఎఫీ వదిన బావి

మర్డాక్ గిల్లిస్ ఇల్లు అమ్మకానికి పెట్టాడని తెలిసిన వారంలోనే కొనేవాళ్ళు దొరికారు. హాలిఫాక్స్ నుంచి వచ్చిన చిన్న జంట, చంకలో పాప. కిటికీలోంచి సముద్రం కనిపించగానే ఆ అమ్మాయి మనసు పారేసుకుంది. మోకాళ్ళు సహకరించని మర్డాక్‌కి కూడా ఇంకో చలికాలం ఆ మెట్ల మీద మంచు ఎత్తిపోసే ఓపిక లేదు. ఊళ్ళో ఒక గదిలోకి మారిపోదామని నిశ్చయించుకున్నాడు. ఇక మిగిలింది ఇల్లు తనిఖీ చేయించుకోవడమే. అందుకు ఆ జంట పంపిన మనిషి పేరు లోర్న్ బూద్రో. షెటికాంప్ వైపు వాడు, మాటకారి.

లోర్న్ పైకప్పు చూశాడు, పొగగొట్టం చూశాడు, మెచ్చుకున్నాడు. ఇంటి వెనక, ఇల్లు వెచ్చబెట్టే ఆయిల్ నింపే ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అతని నోరు మూతపడింది. వంగి ట్యాంకు కిందకి తొంగిచూశాడు.

"పెద్దాయనా, ఇక్కడ ఈ కాఫీ డబ్బా ఎందుకు పెట్టారు?"

"ఆ ఫిల్టర్ దగ్గర ఒక్కో చుక్క కారుతుంది. డబ్బా నిండితే చెత్త తగలబెట్టడానికి వాడతా. దానికేముంది?"

"మా నాన్న అచ్చం మీలాగే. పడవకి చిల్లు పడితే బకెట్ కొనుక్కొచ్చేవాడు."

మర్డాక్ నవ్వాడు. ట్యాంకు విషయంలో అతనికి కాస్త గర్వం. వేసవి వచ్చిందంటే దానికి రంగు వేయాల్సిందే. ఊళ్ళో ఇంత శుభ్రంగా కనిపించే ట్యాంకు ఇంకొకటి లేదు. లోర్న్ దాని పొట్ట కింద చెయ్యి పెట్టి రాసి చూపించాడు. అరచెయ్యంతా ఎర్రటి తడి తుప్పు.

"పైన ఎంత రంగేసినా లాభం లేదండీ. లోపల అడుగున నీళ్ళు చేరతాయి. అవి లోపల్నుంచి తినేస్తాయి. ఇదిగో, ఈ కాలు కింద రాయి కూడా కుంగింది. నిండా ఆయిల్ పోయించుకున్న రోజు ఒరిగిందంటే అంతే సంగతులు." అతను ఇంట్లో ఆ ఆయిల్ కాల్చే ఫర్నేసు వైపు వెళ్ళే సన్నటి రాగి గొట్టాన్ని వేలితో వెంబడించాడు. అది గోడ దాకా రాకముందే నేలలోకి దిగిపోయింది. "ఇది మట్టిలోంచే పోతోందా? తొడుగేమీ లేకుండా?"

"నేనూ మా అన్నా కలిసి పాతాం. ఆంగస్ అని, పోయాడులే. అప్పట్లో అందరూ అంతే."

"పార ఉందా?"

లోర్న్ గోడ పక్కన తవ్వాడు. మోచేతి లోతు వెళ్ళగానే మట్టి రంగు మారింది. నల్లగా, జిడ్డుగా మెరిసింది. గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, మర్డాక్‌కి అందించాడు. మర్డాక్ గట్టిగా పీల్చాడు. ఏమీ తెలియలేదు. చిన్నప్పటి నుంచీ చేపల పడవల్లో ఇంజను పక్కనే బతికినవాడు. డీజిల్ వాసన అతనికి గాలితో సమానం.

"గొట్టం మట్టిలో చిల్లులు పడి చాలా కాలమైనట్టుంది. ఆయిల్ ఎక్కువ కాలుతున్నట్టు అనిపించలేదా?"

"చలి ఎక్కువైందనుకున్నా."

లోర్న్ లేచి నడుం సరిచేసుకుంటూ నేల వాలు ఎటుందో చూశాడు. గడ్డి మెల్లగా దిగుతూ వెళ్ళి, ముళ్ళపొదలు దాటి, తలుపులు మూసి ఉన్న ఒక తెల్లటి చిన్న ఇంటి దగ్గర ఆగింది.

"కింద ఆ ఇల్లెవరిది?"

మర్డాక్ చేతిలోని మట్టి వదలడం మరిచిపోయాడు.

"మా వదినది," అన్నాడు.

వదిన ఎఫీ తన బావి సంగతి మొదటిసారి చెప్పిన రోజు అతనికి బాగా గుర్తుంది. మంచు కరుగుతున్న రోజులు. ఊరగాయ సీసా నిండా నీళ్ళు పట్టుకుని, రబ్బరు బూట్లతో వాలు ఎక్కి వచ్చింది. "ఏమయ్యా మరిదీ, ఇది వాసన చూడు. నా బావి నీళ్ళు ఆయిల్ కంపు కొడుతున్నాయి," అంది. అతను వాసన చూశాడు. తాగి కూడా చూపించాడు. "ఏ కంపూ లేదు వదినా, నీ ముక్కు ముసలిదైపోయింది," అని ఎగతాళి చేశాడు. ఆమె నవ్వలేదు. మళ్ళీ వచ్చింది. ఇంకోసారి వచ్చింది. "నీ ట్యాంకు చూపించుకో" అన్నప్పుడు అతనికి కోపం వచ్చింది. ప్రతి ఏడూ రంగు వేసే ట్యాంకుని ఎవరైనా ఒక మాట అంటే పడే రకం కాదతను.

ఎఫీ బావి నీళ్ళు ముట్టుకోవడం మానేసింది. చూరు కింద బకెట్లు పెట్టి వాన నీళ్ళు పట్టుకుంది. చలికాలం వచ్చాక గిన్నెల నిండా మంచు తెచ్చి పొయ్యి మీద కరిగించుకుంది. మెట్ల మీదా, వంటింట్లోనూ, మంచం పక్కనా ఎక్కడ చూసినా గిన్నెలే. అదే రోజుల్లో ఒకసారి పొయ్యి మీద చేప మాడబెట్టింది. ఆ రెండూ కలిపి చూసుకుని మర్డాక్ ఒక నిర్ణయానికి వచ్చాడు. మాంక్టన్‌లో ఉన్న ఆమె కూతురు జోస్లిన్‌కి ఫోన్ చేశాడు. "మీ అమ్మ మనసు సరిగా లేదమ్మా. నీళ్ళలో విషం కలిపారంటోంది," అన్నాడు. ఎఫీ విషం అనే మాట ఎన్నడూ అనలేదు. అది అతను కలిపిన మాట.

జోస్లిన్ వచ్చి ఆ గిన్నెలన్నీ చూసి గడపలోనే ఏడ్చింది. డాక్టర్లు ఎఫీని ప్రశ్నలు అడిగారు, గడియారం బొమ్మ గీయమన్నారు, తలకి ఫోటోలు తీశారు. నీళ్ళు పరీక్షకి పంపుదామన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఆ శీతాకాలం ముగిసేలోగా ఇన్వర్నెస్‌లోని వృద్ధాశ్రమంలో చేర్చారు. ఆమె పెట్టె కారులో పెట్టింది మర్డాకే.

లోర్న్‌ని వెంటబెట్టుకుని అతను వాలు దిగాడు. బావి మీది చెక్క మూత ఇద్దరూ కలిసి ఎత్తారు. వెలుతురు లోపలికి పడగానే నీళ్ళ మీద ఊదా, పచ్చ, రాగి రంగుల పొర మెల్లగా కదిలింది. అది చూడటానికి ముక్కుతో పని లేదు.

"ఈ నీళ్ళెవరూ తాగడం లేదు కదా?" లోర్న్ గొంతు తగ్గించి అడిగాడు.

"తాగడం లేదు. తాగనని మొండికేసింది. అందుకే..." మర్డాక్ బావి గట్టు మీద కూర్చున్నాడు. ఎఫీ సంగతి ఉన్నదంతా చెప్పాడు.

లోర్న్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "పర్యావరణ శాఖ వాళ్ళకి ఇవాళే కబురు చేయాలి. ఇది దాచే విషయం కాదు పెద్దాయనా," అన్నాడు. ఆపైన, "ఆవిడకి మీరు చెప్తారా?" అని అడిగాడు.

కొనబోయిన జంట ఆ సాయంత్రమే వెనక్కి తగ్గారు. మర్డాక్‌కి ఆ బాధ అంటలేదు. జోస్లిన్‌కి ఫోన్ చేసి అంతా వివరించాడు.

"చిన్నాన్నా, నాకు ఫోన్ చేసింది నువ్వే."

"నేనేనమ్మా."

"నేనూ తక్కువ తినలేదులే. ఆ ఇంట్లో వారం రోజులున్నాను. షాపు నీళ్ళు కొనుక్కుని తాగాను. ఒక్కసారి ఆ కుళాయి తిప్పి వాసన చూడలేకపోయానా?" అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు అతను ఆశ్రమానికి వెళ్ళాడు. ఎఫీ కిటికీ పక్కన కూర్చుని ఎవరికో మేజోడు అల్లుతోంది. బాగా చిక్కింది. అతన్ని చూసి మర్యాదగా నవ్వింది, పరాయివాళ్ళని చూసి నవ్వినట్టు.

"వదినా, నీ బావిలో ఆయిల్ ఉంది. నా ట్యాంకుదే. గొట్టానికి చిల్లులు పడ్డాయి. నువ్వు చెప్పింది నిజం."

అల్లిక సూదులు ఆగాయి. ఆమె కోప్పడుతుందని అతను సిద్ధపడే వచ్చాడు. ఆమె కోప్పడలేదు. అతని ముఖంలోకి అనుమానంగా చూసింది, ఇది కూడా ఒక పరీక్షేమో అన్నట్టు.

"నన్ను సంతోషపెట్టడానికి అంటున్నావా?"

"లేదు వదినా. నా కళ్ళతో చూశాను. నీళ్ళ మీద తెట్టు కట్టి ఉంది."

"ఇక్కడికొచ్చిన కొత్తల్లో అందరికీ చెప్పేదాన్ని," అంది ఎఫీ నెమ్మదిగా. "ఇక్కడ పనిచేసే పిల్లలు నా చెయ్యి నిమిరి సరేనమ్మా అనేవాళ్ళు. మానేస్తే ఇంటికి పంపిస్తారేమోనని మానేశాను. మానేశాక కొన్నాళ్ళకి నాకే అనుమానం వచ్చింది మరిదీ. లేని వాసన ఎలా వచ్చింది, నాకేదో అయిందనుకున్నా. రాత్రిళ్ళు మా అమ్మ పేరు, నేను చదువు చెప్పిన బళ్ళో పిల్లల పేర్లు వరసగా గుర్తు తెచ్చుకునేదాన్ని, ఇంకేం పోయిందో చూసుకోవడానికి."

మర్డాక్ తల వంచుకున్నాడు. "నన్ను క్షమించు వదినా. నీ మాట వినాల్సింది."

"నువ్వన్నది విన్నాను," అంది ఎఫీ. వదిలేసిన కుట్టు వెతుక్కుని మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది.

ఎండాకాలంలో యంత్రాలు వచ్చి రెండిళ్ళ మధ్య నేలంతా తవ్వేశాయి. ఆయిల్ ఎఫీ వంటింటి పునాది కిందకీ చేరిందని తేలింది. ఆ పక్క గోడ కూల్చితే తప్ప మట్టి తీయడం కుదరదన్నారు. గోడతో పాటు వంటిల్లూ పోయింది. ఇక ఆ ఇంట్లో ఎవరూ ఉండే వీలు లేదు. జోస్లిన్ తల్లిని తన దగ్గరికి తీసుకెళ్తానంది. మర్డాక్ ఇల్లు కూడా ఎవరూ కొనలేదు. ట్యాంకు తీసేశాక అతను కట్టెల పొయ్యి బిగించుకుని అందులోనే ఉండిపోయాడు.

వెళ్ళే ముందు ఎఫీ ఇల్లు చూస్తానంది. ఆశ్రమం నుంచి మర్డాకే తీసుకొచ్చాడు. ఆమె కారు దిగి, గోతి అంచున నిలబడి, గోడ లేని వంటింట్లోకి చూసింది. అల్మరాలు రోడ్డు మీద వాళ్ళకి కూడా కనిపిస్తున్నాయి. "ఇంత పెద్ద గొయ్యా!" అంది. ఇంకొకరి ఇంటికి వచ్చినట్టు చేతులు కట్టుకుని కాసేపు నిలబడింది.

"లోపల నీకేమైనా కావాలా వదినా? నేను వెళ్ళి తెస్తాను."

"ఏం వద్దు. పద."

తిరిగి వెళ్ళేటప్పుడు కొండ దారిన కాకుండా సముద్రం వెంట వెళ్ళమంది. రేవులో రొయ్యల పడవలు ఒడ్డుకి వస్తున్నాయి. ఆమె ఒక్కో పడవ పేరూ, దాని యజమాని పేరూ పైకి చెప్పింది. ఒక పడవ పేరు దగ్గర ఆగి అతని వైపు తిరిగింది.

"అది రోరీ వాళ్ళదే కదా?"

"వాళ్ళదే వదినా. నువ్వు చెప్పినవన్నీ సరిగ్గానే ఉన్నాయి."

ఆమె తల ఊపింది. మర్డాక్ వేగం తగ్గించి, మిగిలిన పడవలు కూడా ఆమెకి కనిపించేలా ఒడ్డు పక్కనుంచి పోనిచ్చాడు.