జంపక్క నిలబడే చోటు

బసవపున్నయ్య జంపక్క జడ పట్టుకొని ఆడవాళ్ల వరుసలోంచి బయటికి లాగాడు. అది సవరమనుకున్నాడు. ఊడి చేతికొస్తుందని నవ్వుతూ లాగాడు. జడ ఊడలేదు. జంపక్క మోకాళ్ల మీద పడింది. నెత్తి మీది బీడీ తునికాకు కట్టలు ఆకు కొనే కళ్లంలో చెల్లాచెదురయ్యాయి.

నేను ఆమె వెనకే ఉన్నాను.

బసవపున్నయ్య కాంట్రాక్టరు మనిషి. కోస్తా నుంచి ఈ వేసవిలోనే వచ్చాడు. అడవి నుంచి మేము మోసుకొచ్చిన ఆకు చూసి తీసుకునేది అతనే. మేడే నాడు బూర్గంపాడులో మా కూలీల సంఘం వేసిన నాటకంలో జంపక్క కాంట్రాక్టరు పెళ్లాం వేషం కట్టి జనం పడీపడీ నవ్వేలా చేసింది. ఆ కోపం అతనికి తగ్గలేదు. బడి రిజిస్టరులో ఆమె పేరు జంపయ్య. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మాత్రం జంపక్కే. నాటకం లేని రోజుల్లో కూడా చీరే కట్టేది, మా ఆడవాళ్లతోనే అడవికి వచ్చేది.

"ఏరా జంపయ్యా, ఇక్కడ కూడా నాటకమేనా? మగాళ్ల వరుసలోకి వెళ్లు. నువ్వు వెళ్లేదాకా ఒక్క కట్ట తీసుకోను," అన్నాడు.

ఆ పూటే కట్టలు ఎండకు పరవకపోతే ఆకు నల్లబడుతుంది. నల్లబడిన ఆకు ఎవరూ తీసుకోరు. ఆ సంగతి అతనికీ తెలుసు.

అందరికన్నా ముందు మాట్లాడింది మా అమ్మ నాంచారమ్మే.

"జంపీ, ఈ ఒక్కనాడు గాడ నిలబడరాదే. ఆకు ఖరాబైతది."

జంపక్క అమ్మ వైపు చూసింది. "అవ్ వదినా. ఆకు ఖరాబైతది," అని కట్టలు ఏరుకొని వెళ్లింది.

మగవాళ్ల వరుసలో ముందున్నవాళ్లు నాలుగడుగులు ముందుకు, వెనకున్నవాళ్లు నాలుగడుగులు వెనక్కి జరిగారు. మధ్యలో ఆమె ఒక్కతే. వెనక నుంచి గోపాలు వచ్చి ఆమె కొంగు పట్టి గుంజి, "ఏమే మరదలా, మా పక్కన నిలబడాల్నని ఎన్నాళ్ల నుంచి చూస్తున్నవే?" అన్నాడు. అందరూ నవ్వారు. వాళ్లు మా ఊరివాళ్లే. సంఘం మనుషులే. మేడే నాడు ఆమెకు చప్పట్లు కొట్టినవాళ్లే. జంపక్క కొంగు లాక్కొని నడుముకు దోపుకుంది. తల ఎత్తలేదు.

అమ్మ మొహం మాడిపోయింది. కట్టలు నెత్తికెత్తుకొని ఆ ఖాళీలోకి నడిచి జంపక్క పక్కన నిలబడింది.

"ఏంది గోపాలూ, నా కొంగు గుంజవారా? నేను గూడ ఆడదాన్నే గద."

గోపాలు నేల చూశాడు. అమ్మ వెనక ఇంకో ఇద్దరు కదిలారు. ఆ వెనక మేమందరం. ఆడవాళ్ల వరుస ఉన్నచోట ఎవరూ మిగల్లేదు.

"ఇదేంటమ్మా, మీరు అటు వెళ్లండి," అన్నాడు బసవపున్నయ్య.

"పోతం. దాన్ని తోలుకొనే పోతం," అన్నది అమ్మ.

సంఘం నాయకుడు కాశయ్య పరుగెత్తుకొచ్చాడు. "నాంచారక్కా, మనం కూలి కోసం కొట్లాడుతున్నం. గీ ముచ్చట మన డిమాండ్లల లేదు గద."

"నీ నాటకంల ఆడమనిషి కావాల్నంటే జంపక్క గావాలె. లైన్ల నిలబడితె జంపయ్యనా?"

కాశయ్య చేతిలోని డిమాండ్ల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పొద్దు వాలకముందే పోలీసు జీపు వచ్చింది. కళ్లంలో గొడవ పెట్టిందని జంపక్కను ఒక్కదాన్నే ఎక్కించారు. అడ్డం పోయిన అమ్మను నెట్టేశారు. ఆకు కళ్లంలోనే దించి అందరం ఠాణాకు నడిచి గుమ్మం ముందు కూర్చున్నాం. మగవాళ్లూ వచ్చారు. గోపాలు అందరికన్నా వెనక.

మరునాటి పొద్దున జమేదారు గుమ్మంలోకి వచ్చాడు. "చీర విప్పి చొక్కా తొడుక్కుంటే ఇప్పుడే వదిలేస్తం. మీరన్న చెప్పుండ్రి వానికి."

"నిన్న చెప్పిన," అన్నది అమ్మ. "ఇగ చెప్ప."

కాశయ్య డిమాండ్ల కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. "కింద రాయి బిడ్డా. జంపక్కను వదలాలె, ఆడోళ్ల లైన్లనే నిలవనియ్యాలె."

"కిందెందుకు? పైన రాయమను," అన్నది అమ్మ.

"పైన జాగా లేదక్కా."

"గట్లయితే కొత్త కాగితం తియ్."

కొత్త కాగితం మీద అదే మొదట రాశాను. ఆడవాళ్లు వేలిముద్రలు వేశారు. గోపాలు వచ్చి పక్కన నిలబడ్డాడు. అమ్మ అతన్ని చాలాసేపు చూసి సిరా డబ్బా అటు తోసింది.

కళ్లంలో ఆకంతా నల్లబడిందని మధ్యాహ్నం కబురొచ్చింది. జమేదారు పంపిన చొక్కా రెండుసార్లు లోపలికి వెళ్లింది, జంపక్క తొడుక్కోక రెండుసార్లూ తిరిగి వచ్చింది. జంపక్క ఇంకా లోపలే ఉంది. మేము ఇంకా లేవలేదు.