దొర మీద మొదటి ఫిర్యాదు

“ఒక్క బ్యాగు చాలని పొద్దున్నుంచీ మొత్తుకుంటున్నా. వెళ్ళేది రెండ్రోజులు. దానికి చెరో బ్యాగూనా?” కుట్టుమిషను మీద నుంచి తల ఎత్తకుండానే అంది అమ్మ.

“వాడి టీము వేరు, నా టీము వేరు. పడుకునే గదులు కూడా వేరే. వాడి సామానంతా నా బ్యాగులో ఉంటే వాడి చుట్టూనే తిరగాలి,” అంది చిట్టి. “ఇంట్లో చేసేది అదేగా.”

ఆ చివరి మాటకి మిషను ఆగింది.

ఊరి చివర బడిలో నెలకోసారి శని, ఆదివారాలు పిల్లలకి క్యాంపు పెడుతున్నారు. చక్రాల కుర్చీలో తిరిగేవాళ్ళు, చూపు లేనివాళ్ళు, వినపడనివాళ్ళు, వాళ్ళ అక్కలూ అన్నలూ చెల్లెళ్ళూ అందరూ కలిసే ఆడతారు. అయితే తోడబుట్టినవాళ్ళు ఒకే టీములో ఉండకూడదు. ఆ నియమం విన్నప్పటి నుంచి చిట్టికి కాలు ఒకచోట నిలవడం లేదు. అదే నియమం విని అమ్మకి నిద్ర పట్టడం లేదు.

చిట్టి తమ్ముడికి తొమ్మిదేళ్ళు. పుట్టినప్పటి నుంచీ కాళ్ళూ చేతులూ వాడి మాట వినవు. మాట ముద్దగా వస్తుంది. అది చిట్టికి అర్థమైనంతగా ఇంట్లో ఇంకెవరికీ అర్థం కాదు. కుర్చీలో కూర్చునే ఇంటిల్లిపాదితో పనులు చేయించుకుంటాడని నానమ్మ వాడికి దొర అని పేరు పెట్టింది. దొర నోటికి ముద్ద అందాలన్నా, ముక్కు తుడవాలన్నా, వాడి మనసులో ఏముందో తెలియాలన్నా చిట్టి రావాలి.

“వాడికి ఆకలేస్తే ఎవరికి తెలుస్తుందే అక్కడ?” అమ్మ గొంతు కాస్త తగ్గింది.

“అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమంటారట. అర్థమయ్యేదాకా అడుగుతారట.”

“అప్పటికి వీడు సొమ్మసిల్లిపోతాడు,” అంది నానమ్మ. “చిన్నవాడు, కాస్త కనిపెట్టుకుని ఉంటే నీ సొమ్మేం పోతుందే?”

“ఒకటే బ్యాగైతే నేను వెళ్ళను నానమ్మా. వాణ్ణొక్కణ్ణే పంపండి.”

దొర అరచేత్తో కుర్చీ చేతిని ఒకసారి కొట్టాడు. అవునంటే ఒక దెబ్బ, కాదంటే రెండు.

“చూశావా, వాడూ అవునంటున్నాడు.”

“నువ్వు నేర్పిన దెబ్బలేగా అవి. నీ పక్షానే పడతాయి,” అంది నానమ్మ.

బస్సు డిపోలో మెకానిక్కుగా చేసే నాన్న అప్పుడే వచ్చాడు. గుమ్మంలోనే గొడవంతా విన్నాడు. మంచం కింద నుంచి పాత పనిముట్ల సంచీ లాగి, స్పానర్లన్నీ ఓ మూల కుమ్మరించాడు. “గ్రీజు వాసనొస్తుందే. ఫర్వాలేదా?”

“కంపు కొట్టినా ఫర్వాలేదు నాన్నా.” చిట్టి అప్పటికే సంచీని వాటేసుకుంది.

అమ్మ ఇక వాదించలేదు. తనే రెండూ సర్దింది. దొర బట్టలు దొర బ్యాగులో, చిట్టి బట్టలు గ్రీజు సంచీలో. కానీ ఏళ్ళ తరబడి ఇద్దరికీ ఒకే బ్యాగు సర్దడానికి అలవాటు పడిన చెయ్యి అది. దొర పట్టుకోవడానికి వీలుగా, కాడకి మందంగా గుడ్డ చుట్టి కుట్టిన చెంచాని తీసి చిట్టి సంచీలోనే పెట్టింది. పెట్టిన సంగతి ఆమెకే తెలియదు.

ఆదివారం సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి అమ్మా నానమ్మా వ్యాను దిగేసరికి బడి ఆవరణంతా బురద. దొర పచ్చ టోపీ పెట్టుకుని, తల నుంచి కాళ్ళ దాకా తడిసి, కేకలు పెడుతున్నాడు. క్యాంపు నడిపే అమ్మాయి ఎదురొచ్చింది.

“దొర వాళ్ళమ్మగారు మీరేనా? మీతో ఒక మాట చెప్పాలండి.”

అమ్మ దొరని పైనుంచి కిందకి చూసింది. “పడ్డాడా? తిండి తినలేదా?”

“తిన్నాడండి. చెంచా మాత్రం చిట్టి సంచీలోకి వెళ్ళింది. తను చూసుకుని పరిగెత్తుకొచ్చేసరికి మీవాడు మామూలు చెంచాకి చేతిరుమాలు చుట్టించుకుని తింటున్నాడు. చుట్టమని వాడే చెప్పాడు. మాకు అర్థమయ్యేలోపు భోజనం చల్లారిపోయిందనుకోండి.”

“మరింకేమైంది?”

“మీవాడు దొంగాట ఆడాడండి.”

“ఎవరూ?”

“దొర.”

నీళ్ళ పందెం పెట్టారట. తొట్టిలో నీళ్ళు మగ్గుతో తెచ్చి ఎవరి బక్కెట్టు వాళ్ళు నింపుకోవాలి. మగ్గు దొర ఒళ్ళో ఉంటుంది. కుర్చీ తోసేది చూపు లేని కుర్రాడు. కుడికి, ఎడమకి అని దారి చెప్పేది దొర. పచ్చ టీము బక్కెట్టు చూస్తుండగానే నిండిపోయింది. దొర ఒళ్ళో తువ్వాలు కింద నీళ్ళ సీసాలున్నాయని ఎవరికీ అనుమానం రాలేదు, అవతలి టీములో ఉన్న చిట్టికి తప్ప. వాడు ఎడమ కన్ను చిన్నది చేశాడంటే ఏదో మాయ ఉన్నట్టేనని ఒక్క ఉరుకున వచ్చి తువ్వాలు లాగేసిందట.

“వాళ్ళ గెలుపు రద్దు చేశాం. మళ్ళీ ఇలా చేస్తే ఆటలోంచి తీసేస్తానని గట్టిగానే చెప్పాను. మీరూ ఇంట్లో కాస్త మందలించండి.”

“తప్పకుండా మందలిస్తానండి,” అంది అమ్మ.

అయ్యో పాపం అన్నవాళ్ళున్నారు, మీ ఓపికకి దండం తల్లీ అన్నవాళ్ళున్నారు. దొర మీద ఫిర్యాదు చేసిన మనిషి మాత్రం ఇంతవరకూ లేదు. నవ్వు పైకి తన్నుకొస్తుంటే అమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, ముఖం అటు తిప్పి దగ్గింది.

వ్యానులో చిట్టి ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. తాడు పట్టుకుని గోడెక్కిందట, రాత్రి కొత్త స్నేహితురాలు చేతి సైగలతో తిట్లు నేర్పిందట. “నేను చెంచా తీసుకెళ్తే వీడు పొమ్మన్నాడమ్మా. నిజంగా పొమ్మన్నాడు. ఆ తర్వాత మోసం చేసి మమ్మల్ని ఓడించాలని చూశాడు, దొంగవెధవ.”

దొర ముద్దగా ఏదో అన్నాడు.

“ఏమంటున్నాడే?” అంది నానమ్మ.

“వాణ్ణే అడుగు.”

నానమ్మ అడిగింది. అర్థం కాలేదు. మళ్ళీ అడిగింది. ‘ఓడిపోయి ఏడుస్తోంది’ అంటున్నాడని తేలేసరికి వ్యాను ఇంటి ముందుకొచ్చి ఆగింది. కనిపెట్టినందుకు దొర కంటే నానమ్మే ఎక్కువ పొంగిపోయింది.

ఇంట్లో అడుగుపెట్టాక కూడా చిట్టి వదల్లేదు. “వాణ్ణి సారీ చెప్పమను.”

దొర కుర్చీ చేతి మీద రెండు దెబ్బలు వేశాడు.

“పోనీలేవే, వాడితో నీకు పంతమేంటి, సర్దుకుపో,” అంది నానమ్మ. రోజూ అమ్మ అనే మాటే అది. చిట్టి అమ్మ వైపు చూసింది.

అమ్మ తను కుట్టే బడి యూనిఫాముల్లో మిగిలిన గుడ్డ మిషను మీద పరిచి కత్తెర తీసింది.

“దొంగాట ఆడినందుకు ఈ వారం టీవీ రిమోటు చిట్టిది,” అంది నెమ్మదిగా.

దొర రెండేసి దెబ్బలు ఆపకుండా వాయించాడు.

“ఎంత కొట్టినా అంతే. వచ్చే నెల క్యాంపుకి ఇద్దరూ వెళ్తారు. చిట్టికి కొత్త బ్యాగు కుడుతున్నా. ఏవండీ, మీ సంచీ మీరు తీసుకోండి.” కత్తెర గుడ్డ మీద సాగుతోంది. “ఇంట్లో కూడా ఇక అంతే అత్తయ్యా. శని, ఆదివారాలు వీడి పనులు మనం చూసుకుందాం. వీడి మాట అర్థం కాకపోతే మళ్ళీ అడుగుదాం. చిట్టికి సెలవు.”