బీరువాలో బంగారం, గాలిలో సున్నా

ఊరుకున్నంత ఉత్తమం లేదని మా నాయన ఊరికే అనేవాడు కాదు. నేను ఊరుకోలేదు. అందుకే ఈ కథ.

సూళ్లూరుపేట దాటి సముద్రంవైపు పోతే వచ్చే చిన్న పట్నం మాది. అక్కడ మా కాలుష్య నియంత్రణ ఆఫీసు మిద్దెమీద, రేకుల గదిలో ఒక యంత్రం ఉంటుంది. రోజంతా గాలి పీలుస్తూ, ఆ గాలిలో పాదరసం ఎంత ఉందో అంకె చూపిస్తుంది. దాన్ని చూసుకునేవాణ్ణి నేను, మునీంద్ర. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి అంకె రాసి కింద సంతకం పెట్టాలి. తుపానులో కరెంటు పోతే బ్యాటరీలు భుజాన మోసుకొని మెట్లెక్కాను. మరదలి పెళ్లిలో తలంబ్రాలు పడుతుంటే నేను మిద్దెమీద ఉన్నాను. అందరూ పిచ్చోడన్నారు గానీ ఒక్కరోజు కూడా అంకెల వరస తెగనివ్వలేదు.

తెగితే మా కొంపే మునిగేది. ఊరి చివర పాత ట్యూబ్‌లైట్లు పగలగొట్టే షెడ్డుంది. లారీల్లో వచ్చిన ట్యూబులను ఆడవాళ్లు పీటలేసుకుని కూర్చొని పగలగొట్టి, గాజు ఒకవైపు, మూతలు ఒకవైపు వేస్తారు. లోపలున్న పాదరసం గాలిలో కలుస్తుంది. ఆ ఆడవాళ్లలో నా భార్య భువనేశ్వరి ఒకతె. ఒకప్పుడు కబుర్లు చెబుతూనే మూర మల్లెపూలు కట్టేసే మనిషి, రెండేళ్లుగా సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. వేళ్లు వణుకుతున్నాయి. ఆ గాలికి దూరంగా ఉండమన్నాడు డాక్టరు.

షెడ్డు మూసి వేరే పని చూపించమని పదేళ్ల కిందటే ఆడవాళ్లంతా అర్జీ పెట్టారు. కమిటీ వేశారు. ఒకటి రెండేళ్ల అంకెలు నమ్మలేమని, పదేళ్లు వరసగా కొలిచి చూపించమని, మధ్యలో ఒక్కరోజు పోయినా మళ్లీ మొదటి నుంచి కొలవాల్సిందేనని కమిటీ తేల్చింది. అందాకా పనిలో ఉన్నవాళ్లకే కొత్త పని ఇస్తారట. అంటే రోగం రాకుండా ఉండటానికి రోగం వచ్చే చోటే కూర్చోవాలి. మా ఇంట్లో గోడకున్న క్యాలెండర్లో రోజులు కొట్టేసుకుంటూ వచ్చాం. ఇంకా ఇరవై రోజులుండగా తిరుపతి నుంచి రాజారత్నం గారు తనిఖీకి వచ్చారు.

ఆయన యంత్రాన్ని చూసి ఆవులించారు. పదేళ్లు సాకిన దాన్ని అట్లా చూస్తే నాకు మండింది. లోపల బంగారం ఉందని గొప్పగా చెప్పాను. బంగారానికి పాదరసం అంటుకుంటుంది, ఏ కంసాలినడిగినా చెబుతాడు. అందుకే యంత్రంలో రెండు చిన్న గాజు గొట్టాల్లో కాస్త బంగారం పెట్టి ఉంటారు. గాలిలోని పాదరసం దానికి పట్టుకుంటే, వేడిచేసి కొలుస్తారు.

ఆయన ఆవులింత సగంలో ఆగిపోయింది. తిరుపతిలో పెరిగిన మనిషి. బంగారం మాట చెవిన పడితే రెండు తాళాలు, తాళానికొక అధికారి, పైన లక్కసీలు గుర్తురావాల్సిందే. స్వామి నగలకైనా అదే పద్ధతి కదా.

"బంగారాన్ని రేకుల గదిలో పెట్టుకొని నిద్దరెట్లా పోతాండావప్పా?" అన్నారు.

ఆ సాయంత్రమే గొట్టాలు ఊడదీయించి, బట్టలో చుట్టి, సీలు వేసి, తిరుపతి ఆఫీసు బీరువాలో పెట్టించారు. బంగారం లేకపోతే యంత్రానికి కళ్లు పోయినట్టేనని మొత్తుకున్నాను. యంత్రాన్ని ఎవరూ తీసుకుపోలేదు కదా, నడుస్తూనే ఉంటుందని ఆయన నన్నే ఓదార్చారు.

నిజమే, నడిచింది. మరునాడు పొద్దున సున్నా చూపించింది. సాయంత్రమూ సున్నాయే.

ఫోన్ చేశాను. తప్పు జరిగిందని ఆయనా ఒప్పుకున్నారు, మంచి మనిషే. కానీ రెండో తాళం లోకేశ్వరి మేడం దగ్గరుంది, ఆమెను బ్రహ్మోత్సవాల డ్యూటీ మీద కొండకు పంపారు. ఉత్సవాలయ్యాక వస్తుందన్నారు. వచ్చింది, కాలు నొప్పని సెలవు పెట్టింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే.

కొలవలేదని రాస్తే పదేళ్లూ గంగలో కలుస్తాయి. సున్నా అని రాస్తే అబద్ధం. ఏం చెయ్యమంటారని అడిగాను.

"సున్నా కూడా అంకే కదప్పా," అన్నారు రాజారత్నం గారు. "రాసి సంతకం పెట్టు. తెగనీకుండా చూసుకో."

అన్నేళ్ల పెద్ద అంకెల ముందు ఇరవై రోజుల సున్నాలు ఎవరికి కనబడతాయిలే అనుకున్నాను. రాశాను. ఇంట్లో చెప్పలేదు. సిగ్గేసింది.

కమిటీ పెద్దలు పదేళ్ల కట్ట ముందేసుకొని చివరి పేజీ చూశారు. చదువుకున్నవాళ్లు, సారాంశం తెలిస్తే చాలు వాళ్లకు. గాలి దానంతటదే బాగుపడిందని తేల్చారు. ఒకాయన సముద్రపు గాలి మహిమన్నాడు, ఇంకొకాయన స్వామి దయన్నాడు. షెడ్డుకు రెండో షిఫ్టు కూడా నడుపుకోమని అనుమతిచ్చారు. కొలవడానికి ఇంకేం లేదు కాబట్టి యంత్రాన్ని ఆపేశారు, దాంతోపాటు నన్నూ. పదేళ్లు తెగకుండా సేవ చేసినందుకు శాలువా కప్పి పంపారు.

భువనేశ్వరి ఆర్డరు కాగితం రెండు చేతులతో గట్టిగా పట్టుకొని, కూడబలుక్కుంటూ చదివింది.

"ఆ ఇరవై దినాలూ నేను పనికి పోయినా కదా?"

పోయావన్నాను.

"లారీలు వచ్చినాయి కదా?"

వచ్చాయన్నాను. బంగారం సంగతి, తాళాల సంగతి, మేడం కాలు నొప్పి సంగతి అన్నీ చెప్పుకొచ్చాను. చివరిదాకా విన్నది.

"అదంతా నేనడగలా. సున్నా కింద సంతకం ఎవురిది?"

"నాది."

ఆమె కాగితం మడిచి నా చేతిలో పెట్టింది.

"రెండో షిఫ్టుకు మనుసులు కావాలంటాండారు. నీ పేరిచ్చి వచ్చినా. గాలి మంచిదని రాసిచ్చినోడివి, నీకేం బయం?"

మరునాడు మధ్యాహ్నం రెండింటికి షెడ్డులో షిఫ్టు మారే గంట కొట్టారు. భువనేశ్వరి లేచి, చీర దులుపుకొని, పీట నావైపు జరిపింది. నేను కూర్చొని మొదటి ట్యూబు చేతిలోకి తీసుకున్నాను.